ఎముకమూలుగ తొందర

జ్వరపీడితుడు సీబీపీ యను రక్తపరీక్ష కాగితమును చేతబట్టుకొని మొట్టమొదట వెదకునది తెల్లరక్తకణముల మొత్తపు సంఖ్య. ఘన మిల్లీమీటరు రక్తములో అది సుమారు 4,000 మొదలు 11,000 వఱకు నున్నచో ఊపిరి పీల్చుకొనును. కాని ఆ కణములలో పక్వము చెందనివెన్ని యను సంగతి, నా దృష్టిలో, మొత్తపు సంఖ్యకంటె విలువైనది. ఆ సంఖ్య కలిగించు భ్రమను తొలగింపగలది.

సూక్ష్మజీవులతో ముందుగా తలపడు న్యూట్రోఫిల్ కణము ఎముకమూలుగలో జనించి, క్రమక్రమముగా పరిణతి నంది, కేంద్రకము రెండు మొదలు ఐదు తమ్మెలుగా విడివడిన పిమ్మటనే సాధారణముగా రక్తమున నడుగిడును. గాజుపలకపై పలుచగా పరచి లీష్మన్ రంగు వేసిన నెత్తుటిచుక్కను సూక్ష్మదర్శినిలో చూచినచో, ఆ తమ్మెలు ఊదారంగున, సన్నని పోగులచే ముడివడి గోచరించును. తీవ్రమైన అంటురోగము సోకి, ఉన్న కణములు చాలక, మూలుగ తన నిల్వలను తీయవలసివచ్చినప్పుడు, కేంద్రకము ఇంకను విడివడక లాడమువలె వంగియుండు బ్యాండ్ కణములును, అవసరము మిక్కుటమైనచో వానికంటె లేతవియు వెలువడును. 1904లో జర్మనీ వైద్యుడు జోసెఫ్ ఆర్నెత్ కేంద్రకపు తమ్మెలనుబట్టి ఈ కణములను తరగతులుగా విభజించెను. నేడు బ్యాండ్ కణములు నూటికి 10కి మించినచో ఏ వైద్యుడును ఉపేక్షింపడు. యంత్రమిచ్చిన లెక్కతో తృప్తిపడక పలకను స్వయముగా చూడగోరు వైద్యుడు దొరకుట మాత్రము రోగి యదృష్టమే.

లేతకణములతోపాటు మొత్తపు సంఖ్యయు పెరిగినచో శరీరము పోరాడుచున్నదని తలపవచ్చును. మొత్తము తగ్గి, లేతవి మాత్రము హెచ్చినప్పుడే అసలు భయము. వ్యయమునకు తగిన ఉత్పత్తి మూలుగకు సాధ్యము గాకున్నదన్నమాట. అయితే గర్భిణులయందును, నవజాత శిశువులయందును, స్టెరాయిడ్ మందులు వాడువారియందును, పెద్ద శస్త్రచికిత్సల తరువాతను ఇట్టి కణములు కొన్ని కానవచ్చుట కద్దు గనుక, ఒక్క కాగితమును చూచి రోగనిర్ణయము చేయరాదు.

అన్నిటికంటె లేతవైన బ్లాస్టులు రక్తమున కనబడుట వేఱు సంగతి. అప్పుడు ల్యుకేమియాను, అనగా రక్తపు క్యాన్సరును, శంకించి, మూలుగనే తీసి పరీక్షింతురు. ఒకప్పుడు ఆ వ్యాధి వచ్చిన పిల్లలకు మందే లేదు. 1948లో బోస్టనులో వైద్యుడు సిడ్నీ ఫార్బర్, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను వాడి, కొందఱు పిల్లల వ్యాధి కొంతకాలము ఉపశమించుట చూపెను. సుబ్బారావు ఆ యేటనే మరణించెను. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని ల్యుకేమియా పిల్లల చికిత్సలో వాడుకలో నున్నది.