పాత కారు భాగాలు: విన్న మాట, కొలిచిన కొలత

అంబాసిడర్ కారు తయారీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 మే 24న నిలిచిపోయినది. అంతకు ముందు అర్ధ శతాబ్దానికి పైగా ఆ కారు మన రోడ్లమీద కలెక్టర్లను, పెండ్లికొడుకులను, రోగులను, కిరాయి ప్రయాణికులను మోసినది. తయారీ నిలిచినంత మాత్రాన తయారైన కార్లు మాయమైపోవు గదా! హైదరాబాదు ఆగ్నేయ శివార్లలో, నాదర్‌గుల్, బాలాపూర్ వైపున, ఇంటి వెనుక రేకుల షెడ్డులో టార్పాలిన్ కప్పుకొని నిలిచిన అంబాసిడర్లు ఇప్పటికీ ఒకటి రెండు కనబడతాయి. వాటి యజమానులకు వచ్చే చిక్కు ఒక్కటే: భాగం పాడైనప్పుడు దాని స్థానంలో సరిపోయేది ఏది? పూర్వం ఈ ప్రశ్నకు పుత్లీబౌలీలోనో, రాణీగంజ్‌లోనో దుకాణదారు సమాధానం చెప్పేవాడు. పాత భాగాన్ని గుడ్డలో చుట్టి తీసుకొనిపోతే, చేతిలో తిప్పి చూచి, లోపలినుండి దాని జతను తెచ్చి ఇచ్చేవాడు. ఇప్పుడు మనం మొదట జేబులోని ఫోనును అడుగుతున్నాం. అది సమాధానం చెప్పడంలో ఆలస్యం చేయదు. కాని అది మన భాగాన్ని చేతిలో తిప్పి చూడలేదు.

నాదర్‌గుల్‌లో నా మిత్రులొకరున్నారు. హైస్కూలులో భౌతికశాస్త్రం బోధించి విరమించినవారు. తండ్రిగారు వాడిన మార్క్ 2 అంబాసిడర్‌ను అమ్మక ఉంచుకొన్నారు. ఒకనాడు బ్రేకు పెడలు మెల్లగా నేలకు దిగిపోవుట గమనించి, బానెట్ ఎత్తి చూడగా, బ్రేకు ద్రవం ఉండే డబ్బా సగానికి పైగా ఖాళీ అయి ఉన్నది. ఇంతలో పక్కింటి పదవ తరగతి కుర్రవాడు ఫోను పట్టుకొని వచ్చాడు.

“సార్, బ్రేక్ ఆయిల్ దొరక్కపోతే పల్చటి ఇంజనాయిల్ పోసినా నడుస్తదట. నలుగురు చెప్పిండ్రు.”

“ఆ నలుగుర్ల ఎందరు పోసి చూసిండ్రురా?”

కుర్రవాడు మళ్ళీ చదివాడు. పోసి చూచినట్లు చెప్పినవాడు ఒక్కడే. వారం రోజులుగా బ్రేకు బాగా పడుతున్నదని కూడా అతడు వ్రాశాడు. తక్కిన ముగ్గురూ “అవును, నేనూ విన్నాను” అన్నవారే.

ఆ ఒక్కడు అబద్ధమాడినాడని అనుకోనక్కరలేదు. వారంపాటు బ్రేకు బాగా పడి ఉండవచ్చును. అసలు ప్రమాదమంతా అందులోనే ఉన్నది. ఎందువల్లనో చూద్దాం.

అంబాసిడర్ బ్రేకు పాస్కల్ నియమం మీద పనిచేస్తుంది. మూసి ఉన్న పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. పెడలు తొక్కగానే మాస్టర్ సిలిండరులోని పిస్టన్ ముందుకు పోయి ద్రవాన్ని నొక్కుతుంది. ఆ పీడనం సన్నని గొట్టాల ద్వారా చక్రాలను చేరి, అక్కడి చిన్న పిస్టన్లను తోస్తుంది. అవి బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతాయి. ద్రవం పక్కలనుండి జారిపోకుండా కాపాడేవి పిస్టన్ల కొనలనున్న చిన్న రబ్బరు కప్పులు. నాలుగు చక్రాల మీద పరుగెత్తే టన్నుకు పైబడిన బరువును ఆపే భారం ఈ చిన్న కప్పుల మీద ఉన్నదన్నమాట.

మనం వాడే మాటలోనే ఒక ఉచ్చు ఉన్నది. వీధిలో దీనిని అందరూ “బ్రేక్ ఆయిల్” అంటారు. అది నూనె కాదు. గ్లైకాల్, గ్లైకాల్ ఈథర్ అనే పదార్థాలతో చేసిన ద్రవం, నీటితో కలుస్తుంది. ఇంజనాయిల్ పెట్రోలియం నుండి వచ్చిన నూనె, నీటితో కలవదు. బ్రేకు కప్పులకు వాడే రబ్బరు గ్లైకాల్ ద్రవంలో చెడకుండా ఉంటుంది. ఖనిజ నూనెలో మాత్రం ఉబ్బుతుంది. నూనె అణువులు రబ్బరు గొలుసుల నడుమకు మెల్లగా చొరబడి వాటిని ఎడం చేస్తాయి. ఉబ్బిన కప్పు మెత్తబడి ఆకారం చెడుతుంది; ద్రవం డబ్బాలోకి తిరిగిపోయే సన్నని రంధ్రాన్ని మూసివేయవచ్చును. అప్పుడు పెడలు వదిలినా బ్రేకు వదలదు, డ్రమ్ములు కాగిపోతాయి. కొన్నాళ్ళకు కప్పు చీలితే పెడలు ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. ఇదంతా మొదటి వారంలోనే జరగవలెనని లేదు. “నేను పోశాను, బాగున్నది” అన్నవాని సాక్ష్యం నిజమే, కాని దాని వయస్సు చాలదు. ఎన్నాళ్ళు వాడి చూచి ఆ మాట చెప్పినారన్నది మొదట అడుగవలసిన ప్రశ్న.

దీనిని పాఠశాలలోనే పరీక్షించవచ్చును. ఒకే రకమైన రెండు కొత్త రబ్బరు కప్పులు తీసుకొని, వెర్నియర్ కాలిపర్స్‌తో వ్యాసం కొలిచి వ్రాసుకొనవలెను. ఒకదానిని బ్రేకు ద్రవంలోను, రెండవదానిని ఇంజనాయిల్‌లోను వేసి, మూతగల గాజుసీసాలలో ఉంచవలెను. మూడు రోజులకొకసారి తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కొలిచి గ్రాఫు గీయవలెను. బ్రేకు ద్రవం విషం. చేతికి తొడుగులు ఉండవలెను, పని ఉపాధ్యాయుల ఎదుటనే జరగవలెను. ప్రయోగానికి వాడిన కప్పులను తరువాత ఏ బండికీ వేయరాదు.

ద్రవాన్ని గురించి ఇంకొక్క మాట. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. గాలిలోని తేమను పీల్చుకొన్న తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. కాబట్టి సంవత్సరాల క్రితం మూత తీసిన డబ్బాను “అసలైన సరుకు” అని ఎవరైనా అమ్మజూపితే, సరుకు అసలైనదే అయినా పనికిరాదు.

ఇక ఇంజను. ఇక్కడ అంకెలే మనకు సాక్షులు. అంబాసిడర్‌లో చాలాకాలం వాడినది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-శ్రేణి ఇంజను. దాని సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు, సిలిండర్లు నాలుగు. వ్యాసాన్ని సెంటీమీటర్లలో వర్గం చేసి, 0.7854తో, స్ట్రోకుతో, నాలుగుతో గుణిస్తే 1489 ఘనసెంటీమీటర్లు వస్తుంది. కారు పుస్తకంలో ఉండే సంఖ్య కూడా అదే. ఎవరైనా పిస్టన్ అమ్ముతూ “అంబాసిడర్‌ది, వ్యాసం 80 చిల్లర” అంటే, కాగితం మీద ఒక నిమిషం లెక్కవేసి అది ఈ ఇంజనుది కాదని చెప్పవచ్చును. అది బహుశా ఇంగ్లాండు ఎం.జి.బి. కారు పిస్టన్. ఆ ఇంజను కూడా బి-శ్రేణిదే. దాని వ్యాసం 80.26 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం దాదాపు 1800. శ్రేణి పేరు ఒకటే కావడంతో అంతర్జాలంలో ఈ రెండింటి భాగాలూ కలిసిపోతుంటాయి. అంబాసిడర్ బి-శ్రేణి ఇంజనులో క్రాంక్‌షాఫ్టును మోసే ప్రధాన బేరింగులు మూడు. 1964 నుండి వచ్చిన ఎం.జి.బి.లో అయిదు. ఒకదాని షాఫ్టు రెండవదానిలో పట్టదు.

చిక్కు ఇంతటితో తీరలేదు. 1990ల అంబాసిడర్లలో “1800” అని వచ్చినది జపాను ఇసుజు రూపకల్పన చేసిన ఇంజను. వ్యాసం 84, స్ట్రోకు 82, లెక్కవేస్తే 1817. ఎం.జి.బి. 1800కూ, అంబాసిడర్ 1800కూ అంకె తప్ప చుట్టరికం లేదు. ఇంకొక తమాషా: బి-శ్రేణి డీజిల్ అంబాసిడర్ ఘనపరిమాణం కూడా 1489 ఘనసెంటీమీటర్లే. కనుక లెక్క తప్పితే భాగం తప్పకుండా తప్పు. లెక్క కుదిరినంత మాత్రాన భాగం ఒప్పు అని చెప్పలేం. విద్యార్థులు ఈ భేదాన్ని బాగా మనసున పెట్టుకొనవలెను. అభ్యాసానికి ప్రీమియర్ పద్మిని కొలతలు ఇస్తున్నాను: వ్యాసం 68, స్ట్రోకు 75. ఘనపరిమాణం ఎంత?

బోల్టుల సంగతి మరీ సున్నితం. బి-శ్రేణి ఇంజను బోల్టులు అంగుళపు కొలతలవి. వాటి మరచుట్లను మెకానిక్కులు త్రెడ్లు అంటారు. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా దేశాలు కలిసి ఒప్పుకొన్న ఏకీకృత ప్రమాణం ప్రకారం ఇవి ఉంటాయి. అందులో సన్నచుట్ల 5/16 అంగుళం బోల్టు వ్యాసం 7.94 మిల్లీమీటర్లు. నేడు ఏ దుకాణంలోనైనా దొరికే మెట్రిక్ బోల్టు 8 మిల్లీమీటర్లు. భేదం 0.06 మిల్లీమీటరు, కంటికి కనబడదు. “8 మిల్లీమీటర్ల బోల్టు సరిగ్గా పట్టింది” అని వ్రాసేవారు ఇందుకే మోసపోతారు. పాతదానిలో అంగుళానికి 24 చుట్లు, అనగా చుట్టుకు చుట్టుకు దూరం 1.06 మిల్లీమీటర్లు, సాధారణ మెట్రిక్ బోల్టులో 1.25. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుస్తుంది. పానాతో బలవంతం చేస్తే ఇంకా తిరుగుతుంది, కాని అప్పుడు జరుగుతున్నది బిగింపు కాదు, కోత. అంతకంటె పాత బ్రిటిష్ విట్‌వర్త్ బోల్టు ఇంకా మాయదారిది. 5/16 అంగుళం విట్‌వర్త్ బోల్టుకూ, ఏకీకృత ముతకచుట్ల బోల్టుకూ అంగుళానికి చుట్లు 18 చొప్పున సమానమే; కాని ఒకదాని చుట్టు కోణం 55 డిగ్రీలు, రెండవదానిది 60. చివరిదాకా ఎక్కుతుంది, పట్టు మాత్రం పూర్తిగా ఉండదు. రంపపు పళ్ళవంటి ఆకులున్న త్రెడ్ గేజిని చుట్లమీద ఆనించి, దీపానికెదురుగా పట్టి చూస్తే సందు తెలిసిపోతుంది.

నాదర్‌గుల్‌లో చిన్న విమానాల శిక్షణకు వాడిన రన్‌వే ఒకటి ఉన్నది. విమానాల లోకంలో పద్ధతి వేరు. అక్కడ భాగం ఒక్కటే రాదు. అది ఎవరు చేసినది, ఎవరు పరీక్షించినది తెలిపే ధ్రువపత్రం వెంట రావలెను. పత్రం లేని భాగం ఎంత మెరుస్తున్నా బిగించరాదు. ఈ నియమం ఊరక పుట్టలేదు. 1989 సెప్టెంబరు 8న నార్వేకు చెందిన పార్ట్‌నేర్ సంస్థ కాన్వేర్ 580 విమానం ఓస్లో నుండి హాంబర్గ్ పోతూ డెన్మార్క్ ఉత్తరాన సముద్రంలో కూలినది. అందులోని 55 మందీ మరణించారు. శకలాలను వెలికితీసి పరీక్షించగా, తోక నిలువురెక్కను పట్టి ఉంచే బోల్టులు అసలైనవి కావనీ, వాటికి ఉండవలసిన బలం లేదనీ తేలినది. చూపునకు అవి సరియైన బోల్టులే.

పాత కారు భాగానికి అటువంటి పత్రం ఉండదు. కనుక మాటకే పత్రం అడగవలసి ఉంటుంది: ఈ సంగతి నీకెట్లా తెలిసినది? తయారీదారు ముద్రించిన సర్వీసు పుస్తకం, భాగాల పట్టిక అన్నిటికంటె నమ్మదగినవి. వాటి ఛాయాప్రతులు దొరికినప్పుడు ముందుపుట కూడా చూడవలెను; ఏ నమూనాకు, ఏ సంవత్సరపు ముద్రణ అన్నది అక్కడే ఉంటుంది. ఆ పుట లేని ప్రతి తల లేని మొండెం. సొంత బండిని విప్పి, కొలిచి, ఫొటో తీసి పెట్టినవారి మాట తరువాతిది. విన్నది వ్రాసేవారిది ఆ తరువాత. ఇక అమ్మేవాని వర్ణన ఉన్నదే, అది అబద్ధమని కాదు, కాని దానిలో అతని లాభం కలిసి ఉన్నది.

పదిమంది ఒకే మాట చెప్పితే పది సాక్ష్యాలు అనుకొంటాం. వారిలో తొమ్మిదిమంది పదవవానినుండి ఎత్తివ్రాసి ఉంటే సాక్ష్యం ఒక్కటే. పరీక్షల హాలులో ఉపాధ్యాయులు ఈ సంగతిని ఎట్లా పట్టుకొంటారో అందరికీ తెలుసు: తప్పు కూడా ఒకేలా ఉంటుంది.

దీనికి ఎదురుసంగతి కూడా చెప్పవలె. మాటలు భిన్నంగా ఉన్నంత మాత్రాన ఒకటి అబద్ధమనరాదు. చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సంవత్సరం ఒకచోట 1911 అనీ, మరొకచోట 1912 అనీ కనబడుతుంది. కారు కావాలని కబురుపెట్టిన ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టు 29న మరణించారు. కారు వచ్చినది ఆయన కుమారుని ఏలుబడిలో. కోరిన సంవత్సరం, తయారైన సంవత్సరం, ఊరు చేరిన సంవత్సరం వేరువేరు కావచ్చును. భాగాల విషయంలోనూ అంతే: “1959 నమూనా” అంటే తయారైనదా, రిజిస్టరైనదా అని అడగవలెను.

కొలమానాలు మరొక గొయ్యి. బ్రిటిష్ పుస్తకంలోని పింటు 568 మిల్లీలీటర్లు, అమెరికా పింటు 473. ఒక నట్టును 40 అడుగు-పౌన్లకు బిగించమని ఉన్నదనుకొందాం. అది 54 న్యూటన్-మీటర్లు. ప్రమాణం పేరు జారిపోయి వట్టి 40 మిగిలి, దానిని న్యూటన్-మీటర్లుగా తీసుకొంటే బిగింపు ముప్పాతికకు పడిపోతుంది.

సలహాకు ఊరు, తేదీ కూడా ఉండవలెను. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరితో పోయినది. ఆ పెట్రోలునాటి పాత ఇంజనుల ఎగ్జాస్టు కవాటాల పీఠాలకు సీసమే రక్షణగా ఉండేది. 2023 నుండి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రాసాగినది. పాత రబ్బరు గొట్టాలలో, వాషర్లలో కొన్ని దానికి తట్టుకోలేవు. 1995లో ఇంగ్లాండులో ఒకరు ఇంధనపు గొట్టాన్ని గురించి వ్రాసిన మాట ఆనాటికి అక్షరసత్యమే కావచ్చును. ఆయన మన పెట్రోలును ఎరుగడు.

నాదర్‌గుల్ కారు సంగతి చెప్పి ముగిస్తాను. మా మిత్రులు ఇంజనాయిల్ పోయలేదు. కారును కదపనూ లేదు. మెకానిక్కును పిలిపించి మాస్టర్ సిలిండరు విప్పించారు. రబ్బరు కప్పు అంచు గట్టిపడి చిట్లి ఉన్నది. సిలిండరు లోపల తుప్పు గుంటలు వేలికి తగిలినవి. ఏ ద్రవం పోసినా అక్కడినుండే కారిపోయేది. సిలిండరు మార్చి, కప్పులన్నీ కొత్తవి వేసి, తాజా డబ్బాలోని ద్రవం పోశారు. విప్పిన పాత కప్పుల్లో రెండింటిని ఆ కుర్రవాడు అడిగి తీసుకొని రెండు సీసాలలో వేశాడు. కొత్తవి అయితే ఇంకా బాగుండేది, కాని అతని చేతికి దొరికినవి అవే. పదిహేను రోజుల తరువాత కారు నమూనా, తేదీ, రెండు కప్పుల కొలతలు, కాలిపర్స్ పక్కన తీసిన ఫొటో కలిపి, తాను మొదట చదివిన మాట కిందనే పెట్టాడు. పాత కప్పులతో చేసిన ప్రయోగమని కూడా వ్రాశాడు.