తాళం వేసిన ఇంటికి కాపలా ఎవరు?

వేసవి సెలవులైనా, క్రిస్మస్ అయినా మనం ఎక్కడికో ఒకచోటికి ప్రయాణం కడతాం. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర నుండి బయలుదేరి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిలో ఆరాధించి రావాలంటే ఇంటికి తాళం వేయక తప్పదు. అక్కడ మోకరిస్తామే గాని మనసంతా ఇంటి మీదే ఉంటుంది. బిడ్డ పెళ్ళికని కొన్న బంగారం, పత్తి అమ్మిన డబ్బు బీరువాలోనే ఉన్నాయాయె!

ఈ భయం కొత్తది కాదు. ఇశ్రాయేలీయుల్లో పురుషులందరూ ఏటా మూడుసార్లు దేవుని సన్నిధికి రావాలి. మరి ఆ రోజుల్లో ఇంటి గతేమిటి? దేవుడే ముందుగా మాట ఇచ్చాడు: మీరు వచ్చినప్పుడు మీ భూమిని ఎవరూ ఆశించరని (నిర్గమ 34:24). గమనించండి, తలుపులు గట్టిపరుస్తానని ఆయన అనలేదు. చుట్టుపక్కలవారి మనసుల్లో ఆశ పుట్టదన్నాడు.

అలాగని తలుపులు బార్లా తీసి వెళ్ళడం విశ్వాసం కాదు. నెహెమ్యా ప్రార్థన చేశాడు, రాత్రింబగళ్ళు కావలి కూడా పెట్టాడు (నెహెమ్యా 4:9). మనమూ నగలు, నగదు బ్యాంకులో ఉంచాలి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయాలి. తాళంచెవి గడప పక్కన, పూలకుండీ కింద దాచకూడదు. ఊరెళ్తున్నామని వాట్సాప్ స్టేటస్‌లో చాటుకోకూడదు. పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్తే గస్తీ తిరిగేవారు ఆ ఇంటిని ఓ కంట కనిపెడతారు.

అయినా పొరుగువారిని మించిన కాపలా లేదు. ఊడ్వని వాకిలి, రాత్రి వెలగని దీపం ఇంట్లో ఎవరూ లేరని దొంగకు చెప్పేస్తాయి. పొరుగింటి అక్క రోజూ వాకిలి ఊడ్చి, పొద్దుగూకగానే లైటు వేస్తే చాలు. కానీ ఆ అక్కతో మనకు మాటలున్నాయా? నల్లా నీళ్ళ దగ్గర ఎప్పుడో వచ్చిన తగవుతో ముఖాలు తిప్పుకుని బతుకుతున్నామా? అర్పణ తెచ్చినవాడు ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడాలని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23, 24). ఆరాధనకు బయలుదేరే ముందు మనం తట్టవలసిన తలుపు అదే కావచ్చు. తాళంచెవి ఇవ్వడానికి వెళ్ళే ముందు క్షమాపణ అడగడానికి వెళ్దాం.

సామాను దగ్గర కావలి ఉన్నవారికీ, యుద్ధానికి వెళ్ళినవారికీ సమానంగా పాలు దక్కాలని దావీదు కట్టడ చేశాడు (1 సమూయేలు 30:24, 25). కనుక తిరిగి వచ్చాక పొరుగువారి మేలు మరువవద్దు. రేపు వారు తీర్థానికో పెళ్ళికో వెళ్తే, వారు మన సంఘంవారు కాకపోయినా, వారి వాకిలి మనం ఊడ్చి దీపం పెడదాం. ఎవరూ ఆశించరన్న దేవుని మాట మన వీధిలో నెరవేరేది అలాగే.