అవతలి గట్టు లేని కాలవ: పిల్లల నవలల్లో పోలికలు – అపోహలు, వాస్తవాలు

సత్తెనపల్లి డాబా ఎక్కి ఎంత చూసినా సముద్రం కనపడదు. పత్తి చేలు, మిరప కల్లాలు, ఇంకాస్త ఎడంగా సాగర్ కుడి కాలవ నీళ్ళు పారే పొలాలు, అంతే. అక్కడి పిల్లాడొకడు "నాన్నా, సముద్రం ఎట్టా ఉంటది?" అని అడిగాడనుకోండి. "భూమ్మీద నూటికి డెబ్బై పాళ్ళు అదేరా" అన్నది ఒక జవాబు. పరీక్షలో మార్కు వస్తుంది. "మన కాలవకి అవతలి గట్టు లేదనుకో, అట్టా ఉంటది" అన్నది ఇంకో జవాబు. ఇది విన్న పిల్లాడు ఆ రాత్రి నిద్రపోయే లోపే సముద్రాన్ని ఒకసారి చూసేస్తాడు.

పిల్లల నవలలు రాసేవాళ్ళు పోలికలు వాడేది ఇందుకే. తెలిసిన కాలవ గట్టు మీద నిలబెట్టి తెలియని నీళ్ళు చూపిస్తారు. అయితే బళ్ళో అలంకారాల పాఠం చెప్పే తీరు వల్లనో, పోలికంటే కవిత్వం వ్యవహారం అన్న నమ్మకం వల్లనో, దీని చుట్టూ కొన్ని అపోహలు పేరుకుపోయాయి.

అపోహ 1: పోలిక కథకు పెట్టిన నగ. తీసేసినా కథకేం కాదు.

వాస్తవం: 'అలంకారం' అన్న పేరే ఈ పొరపాటుకు సగం కారణం. సంస్కృతంలో 'అలం' అంటే చాలు, తగినంత అని. ఆ లెక్కన చాలీచాలని మాటను చాలేటట్టు చేసేదే అలంకారం. "ఆకాశం ఎర్రగా ఉంది" అంటే ఎంత ఎరుపో తెలియదు. "కల్లంలో మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా ఉంది" అంటే రంగుతో పాటు అది ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది. మిరప కల్లం చూసిన పిల్లకైతే ఎండ కూడా తగులుతుంది, ముక్కు కూడా కాస్త మండుతుంది. ఆ పోలిక కొట్టేస్తే అందంతో పాటు సమాచారమూ పోతుంది.

అపోహ 2: 'వలె', 'లాగా' ఉంటే ఉపమ. లేకపోతే మామూలు మాట.

వాస్తవం: "నాన్నలాగే నేనూ సత్తెనపల్లిలో పుట్టాను." ఇందులో 'లాగా' ఉంది, ఉపమ లేదు. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు బళ్ళో వల్లె వేయిస్తారు గానీ, అసలు కిటుకు మొదటి రెండింటి మధ్య, అంటే పోల్చేదానికీ దేంతో పోలుస్తామో దానికీ మధ్య, దూరంలో ఉంది. అవి వేరువేరు జాతులవి కావాలి. కాలవ, సముద్రం రెండూ నీళ్ళే అయినా పిల్లాడి లోకంలో ఒకటి ఇంటి పక్కది, రెండోది ఎక్కడో ఉన్నది. ఆ దూరం వల్లే పోలిక పనిచేసింది.

ఇక 'లాగా' లేకుండా రోజూ మనం వాడే పోలికలకు లెక్కే లేదు. గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన రైతు "ధర పడిపోయింది" అంటాడు, "రేటు లేచింది" అంటాడు. పడటానికి, లేవటానికి ధరకు కాళ్ళెక్కడివి? భాషా శాస్త్రజ్ఞుడు జార్జ్ లేకాఫ్, తత్వవేత్త మార్క్ జాన్సన్ 1980లో ఒక పుస్తకం రాసి, రూపకం, అంటే 'లాగా' లేని పోలిక, కవుల సొత్తు కాదని, మనిషి ఆలోచించేదే రూపకాలతోనని వాదించారు. నవల తెరిచే నాటికే పిల్లల చెవుల్లో ఇలాంటి మాటలు వందలు పడి ఉంటాయి.

అపోహ 3: పోలికలు పెద్దల విద్య. పిల్లలకు అర్థం కావు.

వాస్తవం: అరటిపండు చెవికి ఆనించుకుని ఫోన్ మాట్లాడే మూడేళ్ళ పాపకు ఉపమాలంకారం ఎవరు నేర్పారు? పోలిక చేయటం పిల్లలకు ముందే వచ్చు. వయసును బట్టి మారేది వాళ్ళకు ఏ రకం పోలిక అందుతుందన్నది. 1960లో యాష్, నెర్లోవ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు తియ్యన, చల్లన, గట్టి లాంటి మాటలు మనుషులకు వర్తిస్తాయా అని పిల్లల్ని అడిగి చూశారు. మరీ చిన్నవాళ్ళు అవి వస్తువులకే చెల్లుతాయన్నారు. 'చల్లని మనసు' లాంటి వాడుక పెద్దవుతున్న కొద్దీ అందుతుందన్నమాట.

మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు డెడ్రీ జెంట్నర్ 1988లో వెలువరించిన పరిశోధనలో ఇంకో తేడా బయటపడింది. మబ్బు స్పాంజి లాంటిదంటే చిన్న పిల్లలు 'రెండూ గుండ్రంగా, మెత్తగా ఉంటాయి' అని ఆగుతారు. పెద్దవాళ్ళు 'రెండూ నీళ్ళు పట్టుకుని వదులుతాయి' అంటారు. మొదట కంటికి కనిపించే పోలిక, తర్వాత పనిలోని పోలిక. తెలివైన రచయిత ఏడేళ్ళ వాళ్ళకు రాసేటప్పుడు తాత తలను పగిలిన పత్తికాయతో పోలుస్తాడు. పన్నెండేళ్ళ వాళ్ళకు రాసేటప్పుడు, తాత కోపం పత్తికాయ లాంటిదని, పైన గట్టి డిప్ప, లోపలంతా దూది అని రాయగలుగుతాడు.

అపోహ 4: పోలికలు ఎన్ని ఎక్కువుంటే శైలి అంత గొప్పది.

వాస్తవం: దీనికి మన జిల్లాల నుంచే సాక్ష్యం ఉంది. 1947 జులైలో మొదలైన 'చందమామ' వెనక ఉన్న చక్రపాణి తెనాలి మనిషి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఆ పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. ఆ పత్రిక వచనంలో అనవసరమైన మాట కనపడదు. 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్ నవలల కోసం పిల్లలు నెలంతా ఎదురు చూసింది వర్ణనల కోసం కాదు, తర్వాత ఏం జరుగుతుందోనని.

అలాగని పోలికే వద్దని కాదు. పరుగు తీసే చోట అది కాళ్ళకు అడ్డం. పిల్లలు ఎన్నడూ చూడని వస్తువో చోటో వచ్చినప్పుడు, ఒక్క క్షణం ఆగి చూపించాల్సిన చోట, అదే ఊతకర్ర. మిరప చేనుకు తడి కావాలి, కానీ నీళ్ళు నిలవ ఉంటే వేరు కుళ్ళుతుంది. వచనం కూడా అంతే.

అపోహ 5: చంద్రబింబం మొహం, కలువ కళ్ళు, మంచు తెలుపు – ఇవీ అందమైన పోలికలు. ఊళ్ళో మాటలు మోటు.

వాస్తవం: తొలిసారి కళ్ళను కలువలన్నవాడు నిజంగా కలువల చెరువు గట్టున నిలబడి చూసి ఉంటాడు. వెయ్యోసారి అన్నవాడు చూసింది పుస్తకాన్నే. మంచు ఎరగని పల్నాటి పిల్లకు 'మంచులా తెల్లగా' అన్నది వినికిడి తెలుపు. నవంబరులో పగిలిన పత్తి చేను మాత్రం చేత్తో తాకిన తెలుపు. జబ్బుపడి లేచిన మనిషి మొహం పాలిపోయిందనే కంటే తాలుకాయలా అయిందంటే, మిరపకాయలు ఏరే ఇంటి పిల్లలకు వివరం అక్కర్లేదు. ఎర్రని కాయల్లోంచి ఆ వెలిసిపోయిన కాయను వాళ్ళు స్వయంగా ఏరి పక్కన పారేసి ఉంటారు.

కళ్ళెదుట ఉన్నదాన్ని ఎంచుకోవటంలో ఎంత బలం ఉందో పిల్లల నవల కాని ఒక కావ్యం చెబుతుంది. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. వినుకొండలో పుట్టిన జాషువా 1941లో 'గబ్బిలం' కావ్యం రాసి గబ్బిలంతో పంపించాడు. గుడిలోకి రానివ్వని మనిషి గోడు శివుడికి చేరాలంటే, ఆ గుడి చూరుకే వేలాడే ప్రాణి కంటే తగిన దూత ఎవరు? మేఘం ఎంత అందమైనదైనా ఆ పని చేయలేదు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్ళిన వావిలాల గోపాలకృష్ణయ్య, ఆఫీసు కాగితం జనం భాషలో ఉండాలని పట్టుబట్టిన మనిషి. కాగితానికే ఆ న్యాయం ఉంటే, కథకు ఉండొద్దా?

అపోహ 6: పోలిక రచయితది. ఏ పాత్ర నోట పెట్టినా ఒకటే.

వాస్తవం: ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు' చదివినవాళ్ళు ఈ మాట అనరు. అక్కడ లోకమంతా బుడుగు కళ్ళలోంచే కనపడుతుంది. శ్రీ జ్ఞానప్రసూనాంబ అన్న పేరు కూడా వాడి నోట్లో పడి సీగానపెసూనాంబ అయిపోయింది. పెద్దవాళ్ళ పోలిక ఒక్కటి జొరబడినా ఆ గొంతు చెదిరిపోతుంది.

పత్తి పగిలే రోజుల్లో మబ్బు పట్టిందనుకోండి. రైతుకు అది వడ్డీ వసూలుకొచ్చి వాకిట్లో నిలబడ్డ మనిషిలా ఉంటుంది. అతని కొడుకు బడి ఎగ్గొట్టాలనుకుంటున్నాడు, వాడికి చుట్టపుచూపుగా వచ్చిన మేనమామలా ఉంటుంది. మబ్బు ఒకటే. ఎవరు చూస్తున్నారో, వాళ్ళకేం కావాలో, దేనికి భయపడుతున్నారో పోలికే చెప్పేసింది. అందుకే నవలాకారుడికి పోలిక వర్ణన కంటే ఎక్కువగా పాత్రచిత్రణలో పనికొస్తుంది.

అపోహ 7: పోలిక ముద్దుగా ఉంటుంది గానీ ఎవరికీ కీడు చేయదు.

వాస్తవం: రాక్షసుడు వచ్చిన ప్రతిసారీ "బొగ్గులా నల్లగా", రాకుమారి వచ్చిన ప్రతిసారీ "పాలలా తెల్లగా" అని రాస్తే, పది కథలు చదివేసరికి నల్లగా ఉన్న పిల్ల అద్దంలో తనను తాను ఏ వైపు చూసుకుంటుంది? రంగును బట్టి మంచిచెడులు ఉంటాయని నేరుగా రాస్తే ఏ పిల్లయినా ఎదురు ప్రశ్న వేస్తుంది. పోలికలో దాచి పెడితే అడగకుండానే మింగేస్తుంది. మాట తెలియకుండానే లోపలికి దిగిపోవటం పోలిక బలం. అందులోనే ప్రమాదమూ ఉంది. నవల రాసేవాళ్ళు ఉపమానాన్ని ఉపమేయం కంటే జాగ్రత్తగా చూసుకోవాలి.

తెలుగు పంతుళ్ళు చేయగల చిన్న పని ఒకటుంది. 'అలంకారమును గుర్తించి లక్షణము రాయుము' అన్న ప్రశ్న పక్కన ఇంకో రెండు వేయటం: ఈ పోలిక తీసేస్తే ఏం పోతుంది? ఇది ఎవరి కళ్ళతో చూసింది? తర్వాత ఎప్పుడో ఆ సత్తెనపల్లి పిల్లాణ్ణి సూర్యలంక సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళినప్పుడు, "ఏరా, నాన్న చెప్పినట్టే ఉందా?" అని అడగాలి. "లేదండీ, కాలవ ఒక పక్కకే పోద్ది, ఇదేమో మన దగ్గరకొచ్చి మళ్ళీ వెనక్కి పోతాంది" అన్నాడా, నాన్న పోలిక తన పని పూర్తి చేసినట్టే. వాడు సొంత పోలిక కోసం వెతుక్కుంటున్నాడు.