ఏ వేళ్లు మొద్దుబారాయి?

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనగానే మనకు హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చున్న ఉద్యోగి కళ్లముందు కదులుతాడు. కానీ కీబోర్డు వల్లే ఈ జబ్బు వస్తుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేకపోయాయి. అవి తేల్చింది వేరే: బలంగా పట్టు బిగించి ఒకే కదలికను గంటల తరబడి చేసే పనులు, మణికట్టు వంచి చేసే పనులు, చేతిని అదరగొట్టే యంత్రాలతో చేసే పనులు ముప్పును పెంచుతాయి. ఆ లెక్కన మనం చూడాల్సింది చింతూరు లాంటి చోట్లను. ఛత్తీస్‌గఢ్, ఒడిశా సరిహద్దులకు ఆనుకుని, శబరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో ఎండాకాలం వస్తే తునికాకు సేకరణ మొదలవుతుంది. ఆకును బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టి తుంచాలి, యాభై ఆకులు పేర్చాలి, నారతో బిగించి కట్ట కట్టాలి. పొద్దున కోత, మధ్యాహ్నం కట్టలు, సాయంత్రానికి కల్లం. మిర్చి కోతలప్పుడు కూలికి పోయినవాళ్లదీ అదే వేళ్ల పని. వెదురు చీల్చి బుట్టలు అల్లే కొండరెడ్లదీ అంతే. ఈ పనుల్లో చేయి తిమ్మిరెక్కితే అలసట అనుకుని దులిపేసుకుంటారు. అలా దులిపేసుకోకుండా ముందుగా ఒక ప్రశ్న అడగాలి: ఏ వేళ్లు? ఏజెన్సీలో చేతి నరాల జబ్బును పట్టుకోవడానికి నరాల వేగం కొలిచే యంత్రం కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ పనికొస్తుంది.

ఎందుకో చెప్పాలంటే చేతిలోకి నరాలు వెళ్లే దారి చూడాలి. మణికట్టు దగ్గర ఎముకలు అడుగున, ఒక గట్టి పట్టీ పైన ఉండి ఇరుకైన దారి ఏర్పడుతుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ అనే నరం అందులోంచే వెళ్లాలి. లోపల ఏ కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది నరమే. అది బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శనిస్తుంది. అందుకే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌లో చిటికెన వేలు బాగానే ఉంటుంది. అర్ధరాత్రి తిమ్మిరితో మెలకువ వస్తుంది, లేచి చేయి విదిలిస్తే కాస్త తగ్గుతుంది. ముదిరితే బొటనవేలి కింది కండ కరిగి చదునవుతుంది. చిటికెన వేలు, ఉంగరపు వేలి మిగతా సగం మొద్దుబారితే సంగతి వేరు. అది మోచేయి వెనక గాడిలోంచి వచ్చే అల్నార్ నరం. మోచేయి గట్టు అంచుకు తగిలితే జివ్వుమని లాగేది ఇదే. దీని బలం తెలుసుకోవడానికి ఒక కాగితం ముక్క చాలు. బొటనవేలు, చూపుడు వేలి పక్క మధ్య కాగితాన్ని పట్టుకోమని లాగి చూడాలి. నరం బాగుంటే బొటనవేలు నిటారుగా ఉండి పట్టు నిలుస్తుంది. దెబ్బతింటే బొటనవేలి చివరి కణుపు వంగిపోతుంది. ఇక మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతే రేడియల్ నరాన్ని అనుమానించాలి.

అల్నార్ నరం విషయంలో ఈ ప్రాంతంలో మరో అనుమానం తప్పనిసరి. అది కుష్ఠు. ఈ జబ్బు క్రిమి శరీరంలో చల్లగా ఉండే భాగాల్లో పెరుగుతుంది కాబట్టి చర్మానికి దగ్గరగా పోయే నరాలనే పట్టుకుంటుంది, వాటిలో మోచేయి దగ్గరి నరం ముందువరసలో ఉంటుంది. మచ్చ కనిపించకుండా నరం ఒక్కటే దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కుష్ఠు మన దేశంలో పోయింది కదా అంటారు. 2005 డిసెంబరుకు దేశం సాధించింది పదివేల మందికి ఒకరికన్నా తక్కువ రోగులు అనే జాతీయ సగటు. సగటు తగ్గితే జబ్బు అంతరించినట్టు కాదు. 2023లో ప్రపంచమంతటా కొత్తగా గుర్తించిన దాదాపు 1.8 లక్షల కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. చింతూరుకు పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్ కుష్ఠు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాల్లో ఒకటి. ఇది అక్కడి నుంచి వలస వచ్చినవారి మీద వేలు చూపించడానికి చెప్పడం లేదు. అడవిలో సరిహద్దు గీత ఉండదు, వైద్యులు కూడా ఆ గీత దగ్గర ఆగిపోకూడదనే చెబుతున్నాను.

ఇలా పేరు పెట్టి చెబితే మనిషిని ఊరు వెలివేస్తుందన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. వెలి మన చట్టాల్లోనే ఉండేది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే విడాకులకు అది కారణంగా చెల్లేది, 2019లో పార్లమెంటు దాన్ని తొలగించింది. కానీ భయపడి దాచినకొద్దీ చేతులు వంకర్లు పోతాయి, ఆ వంకర చేతులను చూసే వెలి మళ్లీ బలపడుతుంది. వేళ్లు ఊడిపోవడం జబ్బు చేసే పని అనుకునే రోజుల్లో, 1940ల చివర వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ నమ్మకాన్ని మార్చాడు. స్పర్శ లేని చేతితో వేడి గిన్నె పట్టుకోవడం, గాయం తెలియక పని చేసుకుంటూ పోవడం, పుండు ఎముకదాకా దిగడం, వేళ్లు పోవడానికి ఇవే కారణమని చూపించాడు. పనిచేసే కండరాల స్నాయువులను దారి మళ్లించి వంకర వేళ్లను తిన్నగా చేసే శస్త్రచికిత్సను కుష్ఠు రోగులకు అందించింది ఆయనే. అలాంటి శస్త్రచికిత్సలు మన్యానికి దగ్గర్లోనే, సాలూరు ఫిలడెల్ఫియా లెప్రసీ ఆసుపత్రిలో జరుగుతున్నాయి. మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడాలి. మందు మొదలైన కొద్దికాలానికే రోగి నుంచి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. ఇది తెలిసిన ఊరు మనిషిని వెలివేయదు.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ‘నరాల బలహీనత’ అనే ఒక్క మాటతో అన్నీ ముగించేయడం. ఒక బలం సూది, ఒక సీసా టానిక్, నెల తర్వాత మళ్లీ అదే. బి12 లోపం, మధుమేహం తిమ్మిరి తెస్తాయన్నది నిజమే. కానీ అవి సాధారణంగా రెండు పాదాల నుంచి ఒకేలా మొదలవుతాయి. ఒక చేతిలో ఫలానా వేళ్లే మొద్దుబారితే ఎక్కడో ఒక నరం నలుగుతోందని, లేదా వాచిందని అర్థం. సూదులతో గడిచే కాలం మళ్లీ తిరిగి రాదు. దెబ్బతిన్న నరం మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మోచేయి నుంచి అరచేతికి పెద్దవాళ్లలో ముప్పై సెంటీమీటర్ల దూరం, అంటే పది నెలలు. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం చేరినా కండరం స్పందించే స్థితిలో ఉండదు. కుష్ఠులో నరం వాచి బలం తగ్గడం ఆరు నెలల లోపు కనిపెడితే ప్రెడ్నిసొలోన్ మాత్రలతో చాలామందిలో ఆ బలం తిరిగి వస్తుంది. నొప్పి వస్తే మనిషి ఆసుపత్రికి పరుగెత్తుతాడు. స్పర్శ పోతే నొప్పి ఉండదు కాబట్టి ఇంట్లోనే ఉంటాడు. అత్యవసరం మాత్రం రెండోదానిలోనే ఎక్కువ.

నరాల వేగం కొలిచే యంత్రం ఏజెన్సీలో లేనప్పుడు ఇవన్నీ ఎలా అంటే, ఆ యంత్రం శస్త్రచికిత్స నిర్ణయానికి పనికొస్తుంది, అనుమానించడానికి అక్కర్లేదు. కళ్లు మూసుకోమని, అరచేతి మీద బాల్‌పెన్ను మొనను తేలిగ్గా ఆనించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటే చాలు. మోచేయి వెనక నరాన్ని రెండు చేతుల్లోనూ తడిమి పోల్చాలి. ఒకవైపు తాడులా లావుగా తగిలితే ఆలస్యం చేయకూడదు. ఇవి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం నేర్చుకోగలిగినవే.

కూలి మానేసి విశ్రాంతి తీసుకోమంటే ఎవరు వింటారన్నది మాత్రం నన్ను నిజంగా ఆలోచనలో పడేసే ప్రశ్న. పని మానమని చెప్పే హక్కు మనకు లేదు. అయితే తొలిదశ కార్పల్ టన్నెల్‌కు మొదటి చికిత్స రాత్రిపూటది. మణికట్టు వంగకుండా తిన్నగా నిలిపే పట్టీ కట్టుకుని పడుకోవడం. పగటి కూలికి అది అడ్డం రాదు. తగ్గకపోతే స్టిరాయిడ్ ఇంజెక్షను, అప్పటికీ కాకపోతే మణికట్టు లోపలి గట్టి పట్టీని కోసి నరం దారి వెడల్పు చేసే చిన్న శస్త్రచికిత్స. కండ కరిగిపోతుంటే మాత్రం ఎదురుచూడకూడదు. గర్భిణులకు ఈ తిమ్మిరి తరచుగా వస్తుంది, చాలామందిలో కాన్పు తర్వాత తగ్గిపోతుంది, కాబట్టి వాళ్లను భయపెట్టకూడదు.

పరీక్షకు తగిన చోటు కూడా ఉంది. ఊరంతా తునికాకు కట్టలు తెచ్చి లెక్కించే కల్లం. సేకరణ ముగిసే వారంలో, ఒక్కో మనిషికి మూడు నాలుగు నిమిషాల చొప్పున అక్కడే చూడొచ్చు. స్పర్శ తేడా కనిపించినవాళ్లను చింతూరు ఏరియా ఆసుపత్రికి పంపాలి. ఈ పని మే నెలలోనే పూర్తవ్వాలి, ఎందుకంటే వానలొచ్చి శబరి, గోదావరి పొంగితే దారులు మూసుకుపోతాయి, ప్రెడ్నిసొలోన్ అందాల్సిన నెలలు ఆ వానల్లోనే గడిచిపోతాయి.