బాలవ్యుత్పత్తియు నింటి యాటలును

పదమునకు నర్థమునకుఁ గల సంబంధమును శిశువు మొట్టమొదట నెట్లు గ్రహించుననునది మన శాస్త్రములందు మిక్కిలి ప్రాచీనమైన ప్రశ్న. ఈ గ్రహణమునకు వ్యుత్పత్తి యని పేరు. ప్రకృతి ప్రత్యయములను విడఁదీసి పదనిష్పత్తిని జెప్పు వ్యాకరణవ్యుత్పత్తి వేఱు, ఇది వేఱు.

మీమాంసకులు చూపు నుదాహరణము పండితు లెల్ల రెఱిఁగినదే. పెద్దవాఁ డొకఁడు 'ఆవును దెమ్ము' అనును. రెండవవాఁ డావును దెచ్చును. ప్రక్కనున్న బాలుఁడు దానిని జూచును. పిదప 'ఆవును గట్టుము', 'గుఱ్ఱమును దెమ్ము' అనఁగా, మాఱిన మాట యేదో మాఱిన పని యేదో పోల్చుకొని, ఒక్కొక్క పదమున కర్థమును నిర్ణయించుకొనును. ఈ చేర్పు తీసివేఁతలకే ఆవాపోద్వాపము లని పేరు. నైయాయికులు శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, ప్రసిద్ధపదసాన్నిధ్యము అని యెనిమిది యుపాయములు చెప్పిరి. వీనిలో వ్యవహారమే మొదటిది కాక తప్పదు. తక్కిన యేడును గొంత భాష వచ్చినవానికే యక్కఱకు వచ్చును. ఏఁడాది శిశువునకుఁ గోశ మేమి, వ్యాకరణ మేమి?

కాని యీ యుదాహరణమున నొక లోపము కలదు. అందలి బాలుఁడు మూఁగసాక్షి. పెద్ద లిద్దఱును దమ పని తాము చూచుకొందురే కాని వానితో నెవ్వరును మాటాడరు. ఇట్టి యిల్లు శాస్త్రగ్రంథమున నుండవచ్చును గాని లోకమున నరుదు. భగవద్రామానుజులు శ్రీభాష్యమున వేఱొక మార్గమును జూపిరి. తల్లిదండ్రులు మొదలగువారు అమ్మను, నాన్నను, మేనమామను, చంద్రుని, పశుపక్ష్యాదులను వ్రేలితోఁ జూపుచు, ఆయా పేళ్లను బలుమాఱు పలుకుచు నేర్పఁగా, శిశువు మెల్లమెల్లగా నా సంబంధము నెఱుఁగునని వారి మతము. ఇది పిల్లలున్న యింటఁ గూర్చుండి చెప్పిన మాటవలె నున్నది. మేనమామయుఁ జంద్రుఁడును నొక్క వరుసలో నుండుట తెలుఁగువారికి వింత గాదు. మనకుఁ జంద్రుఁడును మామయే.

ఈ రెండు మార్గములను గలిపి, వానిలో లేని మూఁడవదానిని, అనఁగా శిశువునకుఁ బలుకుటకు వంతును, ఇచ్చునది యింటి యాట. దానిని గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పల్లెలలో ముసలమ్మలు నిత్యము నడపుచున్నారు. శాస్త్రమని వారికిఁ దెలియదు. తెలియకపోవుటచేఁ గొఱఁత లేదు.

దాఁగుడాటను జూడుఁడు. నాయనమ్మ కొంగు మొగముపైఁ గప్పుకొని 'మామ్మ ఏదీ?' అనును. కొంగు తీసి 'ఇదిగో!' అనును. తాత తలుపుచాటునఁ జేరఁగా 'తాత ఏఁడీ?' అని యడిగి 'అడుగో!' అని చూపును. కాకి గోడమీఁద వ్రాలఁగా 'కాకి ఏదీ? అదిగో!' అనును. చిన్నయసూరి 1858వ సంవత్సరపు బాలవ్యాకరణమున ఆ, ఈ, ఏ యనువానిని ద్రికమని చెప్పెను. పదేండ్ల బాలురు దానిని బడిలో వల్లించి మఱల మఱచుచుందురు. ఆ త్రిక మంతయు నీ కొంగు చాటుననే యున్నది. అంతటితోఁ బోలేదు. తాతకు 'ఏఁడీ, అడుగో'. కాకికి 'ఏదీ, అదిగో'. మామ్మకును 'ఏదీ, ఇదిగో'. మహద్వాచకమునకు నమహద్వాచకమునకుఁ గల భేదమును, ఏకవచనమున స్త్రీవాచకము లమహత్తులతోఁ జేరుటయు, తెలుఁగు పరభాషగా నేర్చు పెద్దవారికిఁ జాలకాలము మ్రింగుడు పడనివి. ఇచటి శిశువున కవి నవ్వులాట. గౌరవము పాటించు నిండ్లలో 'తాతగా రేరీ? అరుగో!' అందురు. అదియు నొక పాఠమే.

ఈ యాటలోఁ బ్రధానమైనది 'ఏదీ?' అనిన తరువాత నూరకుండుట. శిశువు కన్ను త్రిప్పును, వ్రేలు చాఁచును, 'దీ' యనియో 'ఊ' యనియో యొక ధ్వని చేయును. అదియే వాని యుత్తరము. ముసలమ్మ దానికై వేచియుండును. తండ్రులు సాధారణముగా వేచియుండరు. తామే యడిగి తామే చెప్పి, బిడ్డకు మాటలు నేర్పితి మనుకొందురు. బడిపంతుళ్లలోను నీ యలవాటు లేకపోలేదు.

వ్రేళ్లాటయు నట్టిదే. అరచేయి తెఱచి ఒక్కొక్క వ్రేలిని మడఁచుచుఁ బేరు పెట్టి, తుదకు రెండు వ్రేళ్లతో మోచేతి మీఁదుగా నడచి చంకలోఁ జక్కిలిగింత పెట్టుదురు. పదిమాఱు లాడిన పిదప, చేయి మోచేతి కడకు రాకమున్నే బిడ్డ నవ్వఁజొచ్చును. ఏమి రానున్నదో వానికిఁ దెలిసినది. శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కారణములని మన మందుము. ఒక పదము వినఁగానే తరువాతి పదముకొఱకుఁ గలుగు నపేక్ష యాకాంక్ష. ఎఱిఁగిన పాటను జివరి మాటకు ముందు నిలిపి, బిడ్డ మొగము చూచితిమా, యా యాకాంక్ష కన్నులలోఁ గానవచ్చును. మొదట నూఁగును, తరువాత నొక యచ్చు పలుకును, మఱి కొన్ని వారములకు మాటయే పూరించును. తారంగమును, గుడుగుడు గుంచమును నిట్లు నడుమ నిలిపి యాడుటకుఁ దగినవి. పాటను యంత్రమువలెఁ దుదముట్టఁ బాడివేసినచో బిడ్డ కానందము కలుగును గాని వంతు రాదు.

ఇఁక శిశుభాషనుగూర్చి పండితులలో నొక యభిప్రాయభేదము కలదు. బువ్వ, లాల, జోజో, బొజ్జ, అప్పచ్చి, చిచ్చి మొదలగునవి యపభ్రంశములనియు, మొదటినుండియు సాధుపదములనే వినిపింపవలెననియుఁ గొంద ఱందురు. ఈ పదములను వర్ణదృష్టితోఁ బరిశీలించినచో నా మాట నిలువదు. ఇవి యన్నియు రెండు మూఁడక్షరములవి. వానిలో ద్విత్వము లున్నవి గాని వేఱువేఱు హల్లుల సంయోగము లేదు. మహాప్రాణములు లేవు. సూరి తెలుఁగునకుఁ జెప్పిన 36 వర్ణములను దాఁటి యివి పోవు. 'ఛీ' యొక్కటి యపవాదముగాఁ దోఁచును. అది వస్తువు పేరు గాదు, ఉద్వేగధ్వని. ఓష్ఠ్యములు మొదట వచ్చుట, ఒకే యక్షర మావర్తించుట మన బిడ్డలకే గాదు, ఇతరదేశముల బిడ్డలకును సామాన్యము. రోమన్ యాకబ్‌సన్ 1941లో వర్ణముల యీ క్రమమును విచారించెను. ఫెర్గుసన్ 1964లో ఆఱు భాషల శిశుపదములను బోల్చెను. వానిలో మన పొరుగు భాషయగు మరాఠి యొకటి. కావున శిశుపదము చెడిన పదము గాదు, నోటి కందిన పదము. ఆమ్రేడితమును ధ్వన్యనుకరణమును బిడ్డ కిష్టములు: కాకికి 'కావుకావు', ఆవునకు 'అంబా', గజ్జెలకు 'గలగల'. ఒకే ధ్వని రెండుమాఱులు వినుటచే రెండవమాఱు పట్టువడును.

బిడ్డ 'బువ్వ' యనును. ఒకప్పుడు దానికి 'అన్నము పెట్టు' మని యర్థము. ఒకప్పుడు 'అన్నము క్రింద పడినది', ఒకప్పుడు 'కాకి కన్నము పెట్టు'. వాక్యమే యఖండమనియు, పదవిభాగము పిదప మనము కల్పించుకొన్నదనియుఁ జెప్పిన భర్తృహరి కింతకంటె మంచి యుదాహరణము దొరకదు. పెద్దలు చేయవలసినది యా వాక్యమును విప్పి తిరిగి యిచ్చుట. బిడ్డ 'తాతి' యని గోడవైపు చూపఁగా 'తాతి కాదు, కాకి అను' అని గద్దింపరాదు. 'అవును, కాకి! నల్లకాకి వచ్చింది' అనవలెను. ఒప్పు రూపము వినఁబడినది, బిడ్డ మాటకు మన్ననయు దొరకినది. పాణినీయశిక్షలో నాఁడుపులి తన కూనలను గోఱలతోఁ బట్టుకొని, జాఱవిడువకయుఁ గోఱ దిగనీయకయు మోసికొనిపోవునట్లు వర్ణములను బలుకవలెనని యున్నది. బిడ్డ మాటను సవరించువారికిని నా పోలిక చెల్లును.

బిడ్డ నోరు తడఁబడినను జెవి తడఁబడదు. కెనడాలో జానెట్ వెర్కరును రిచర్డ్ టీసును 1984లోఁ బ్రకటించిన పరిశోధన మన కాసక్తికరము. ఆంగ్లము మాటాడు నిండ్ల శిశువులకు హిందీలోని దంత్య తకారమును మూర్ధన్య టకారమును వినిపించిరి. ఆఱు మొదలు ఎనిమిది నెలలవారు భేదమును జక్కఁగ గ్రహించిరి. పది మొదలు పండ్రెండు నెలలకు నా శక్తి చాలవఱకు నణఁగిపోయెను. తమ యింట వినఁబడని భేదమును జెవి విడిచిపెట్టును, వినఁబడుదానిని నిలుపుకొనును. కావున మాటలు రాని బిడ్డతో మాట లెందుకనుట పొరపాటు. త ట లకును, ల ళ లకును బునాది యా మొదటి యేఁటనే పడుచున్నది. నోటికి రకార ళకారములు వచ్చుటకు మఱి కొన్ని యేండ్లు పట్టిన నాందోళన వలదు.

ఈ మండలమున నొక చిక్కు కలదు. కార్తికము మొదలు పత్తితీఁతలు, సంక్రాంతి తరువాత మిరపకోఁతలు, పిదపఁ గల్లములపని, తొడిమలు తీయుట. తల్లులు తెల్లవాఱకమున్నే పొలమునకుఁ బోవుదురు. బిడ్డ నాయనమ్మకడనో, చేని గట్టున వేపకొమ్మకుఁ గట్టిన చీర యుయ్యెలలోనో యుండును. 1975లో నారంభమైన శిశు అభివృద్ధి పథకపు టంగన్‌వాడీలలోఁ బూర్వప్రాథమిక బోధన మూఁడేండ్లు నిండినవారికే. మాటకు ముఖ్యమైన మొదటి మూఁడేండ్లు నింటిపాలు. అందుచేత నాటకై వేఱు గడియలు కావలెనని విధించుట వ్యర్థము. ఉన్న పనిలోనే యాటను జొప్పింపవలెను. దూదిపింజ నరచేతఁ బెట్టి 'ఊదు' అనుటయు, అది యెగురఁగా 'పోయింది!' అనుటయు నెంత సేపు పట్టును? ఊఁదుటచేఁ బెదవులకు బలము వచ్చి మాట స్పష్టమగునని కొంద ఱందురు గాని దానికిఁ దగిన నిదర్శనము లేదు. ఫల మంతయు 'మళ్ళీ' యని బిడ్డ యడుగుటలో నున్నది. చేటలోఁ గందులు పోసి గిన్నెలోని కెత్తుచు 'లోపల', 'బయట', 'మీద', 'కింద' యనుట విభక్తిపాఠము. స్నానము వేళ చేయి, కాలు, బొజ్జ యని పేరుపేరునఁ గడుగుట నిఘంటువు. మిరపకల్లము మాత్ర మాటపట్టు గాదు. ఆ చేయి కంటికిఁ బోవును. దూరమునుండి యెఱ్ఱరాసిని జూపి, ఘాటునకు వచ్చిన తుమ్మును 'హాచ్చి' యని యనుకరించిన జాలును. బిడ్డ రోజంతయు దానినే తుమ్మును.

పూర్వము లేని మఱియొక చిక్కు చేతిఫోను. ఏడ్చు బిడ్డ చేతఁ దానిని బెట్టి పని చూచుకొనుట పల్లెలందును వ్యాపించినది. ప్యాట్రీషియా కూల్ మొదలగువారు 2003లో నమెరికాలోఁ దొమ్మిది నెలల శిశువులకుఁ బండ్రెండు మాఱులు చీనాభాష వినిపించిరి. కొందఱితో మనుష్యులే యెదుటఁ గూర్చుండి యాడి మాటాడిరి. కొందఱికి నా మనుష్యులనే తెరపైఁ జూపిరి. మొదటివారు చీనాధ్వనుల భేదమును నేర్చిరి. తెర చూచినవారు నేర్వలేదు. బిడ్డ వేలు చూపిన తెర చూడదు, వేచియుండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో, ఏఁడాది నిండనివారికిఁ దెర వలదనియు, రెండవ యేఁటను దగదనియు, ఆపై నాలుగేండ్లవఱకు దినమున కొక గంటకు మించరాదనియుఁ జెప్పినది. పట్టణములందుఁ గొందఱు తల్లిదండ్రులు బిడ్డతో నింగ్లీషే మాటాడవలెనని నియమము పెట్టుకొనుచున్నారు. రెండు భాషలు వినుటచే శిశువునకు హాని లేదు. కాని తమకే యరకొరగా వచ్చిన భాషలో వారు రంగుల పేళ్లును బండ్ల పేళ్లును మాత్రమే చెప్పఁగలరు. బుజ్జగింపలేరు, వేళాకోళమాడలేరు, కథ చెప్పలేరు.

తుదకు నాలస్యముగా మాటలు వచ్చు బిడ్డలనుగూర్చి. మన యిండ్లలో నాలుకకు వస యరగఁదీసి పూయుదురు. వదరుబోతును వసపిట్ట యనుట దానినుండి వచ్చినదే. వసచే మాట వచ్చుననుటకుఁ బ్రమాణము లేదు. పసిబిడ్డల కది వాంతులు కలిగించుటయుఁ గలదు. 'మగపిల్లలకు మాట ఆలస్యమే', 'వీళ్ళ తాతకూ మూడేళ్ళకు గాని రాలేదు' అను నోదార్పులతోఁ గాలము గడపుటయు మంచిది గాదు. ఏఁడాదికి వ్రేలితోఁ జూపుట, 'తత్తత్తా' యను పలుకులు లేకున్నను, పదునాఱు నెలలకు నొక్క మాట రాకున్నను, రెండేండ్లకు 'అమ్మ దా', 'బువ్వ పెట్టు' వంటి రెండు మాటల కూర్పు లేకున్నను, మొదట వినికిడిని బరీక్షింపించి వైద్యుని సలహా పొందవలెను. కొంగుచాటు దాఁగుడాటకు నవ్వినంత మాత్రమున బిడ్డకుఁ జెవులు వినఁబడుచున్న వనుకొనరాదు. చెవిటిబిడ్డయు మొగము చూచి నవ్వును. ఆ యాటనే యొకమాఱు బిడ్డ వెనుకనుండి, మొగము గాని నీడ గాని కానరాకుండ, పేరు పెట్టి పిలిచి యాడి చూడవలెను. తలత్రిప్పక పోయిన, మఱునాఁడే యాసుపత్రికిఁ గొనిపోవలెను. త్రిప్పినను సందేహ మున్నచోఁ బరీక్ష మానరాదు.