ఒక్కపొద్దుకు సరే.. ఒళ్లు కోసుకుంటే?

శ్రమల దినాల్లో చర్చి ఇళ్లలో తరచూ వచ్చే సందేహం

బీదర్: దేవుడి పేరిట ఒళ్లు నొప్పించుకోవడం మన ప్రాంతంలో కొత్తేం కాదు. వీరభద్రుడి జాతరల్లో నిప్పుల గుండం తొక్కుతారు, శస్త్రాలు గుచ్చుకుంటారు. పీర్ల పండుగకు మాతం చేస్తారు. మొక్కు తీరితే పొర్లుదండాలు పెడతారు. ఇవన్నీ చూస్తూ పెరిగిన ఊళ్లలోనే చర్చికి వెళ్లే ఇళ్లూ ఉన్నాయి. భస్మ బుధవారం వచ్చిందంటే అక్కడ ఉపవాసం మాట మొదలవుతుంది. ఒకరు మాంసం మానేస్తారు. ఇంకొకరు ఒక్కపొద్దు ఉంటారు. నీళ్లు ముట్టను, షుగర్ గోలీ కూడా వేసుకోను అని పట్టుబట్టే పెద్దవాళ్లూ ఉంటారు. వాళ్లతోనే ఇంటిల్లిపాదీ పరేషాన్ అవుతారు. ఏప్రిల్‌లో బీదర్ ఎండ ఎట్లుంటదో చెప్పక్కర్లేదు.

ఇంతకీ బాధ పడితే దేవుడు మెచ్చుతాడని క్రైస్తవం చెబుతుందా?

బైబిల్లో ఉపవాసానికి లోటు లేదు. మోషే, ఏలీయా, యేసు నలభై దినాలు ఉన్నారు. గాయాల సంగతి మాత్రం వేరు. రాజుల మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలు కత్తులతో ఒళ్లు కోసుకుంటారు. నెత్తురు కారుతుంది తప్ప జవాబు రాదు. ఏలీయా చిన్న ప్రార్థన చేస్తాడు, అగ్ని దిగుతుంది. చచ్చినవారి కోసం దేహం చీరుకోవద్దని లేవీయకాండం 19లో ఆజ్ఞే ఉంది. కొలొస్సయులకు రాసిన పత్రిక ఇంకో అడుగు ముందుకేసింది. దేహశిక్ష చూడ్డానికి జ్ఞానంలా కనబడుతుంది గానీ కోరికలను అదుపు చేయడానికి అక్కరకు రాదని 2వ అధ్యాయంలో తేల్చింది.

అయితే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో పౌలు తన శరీరాన్ని నలగగొట్టి లోబరచుకుంటానంటాడు. అక్కడ ఆయన చెబుతున్నది పందెంలో పరుగెత్తేవాడి సాధన గురించి. కొరడా పట్టుకున్నవాళ్లు మాత్రం ఈ మాటనే పట్టుకున్నారు.

కొరడాల ఊరేగింపు

1260లో ఇటలీలోని పెరూజాలో జనం వీపుల మీద కొట్టుకుంటూ ఊరేగారు. తర్వాత యూరప్‌ను ప్లేగు ఊడ్చేసినప్పుడు ఈ గుంపులు మళ్లీ లేచాయి. 1349లో పోప్ ఆరవ క్లెమెంట్ వాటిని ఖండించారు. అట్లని కాథలిక్ సంఘం దేహశిక్షను పూర్తిగా కాదనలేదు. రెండవ జాన్‌పాల్ పోప్ బెల్టుతో తనను తాను కొట్టుకునేవారని 2010లో వచ్చిన పుస్తకం చెప్పింది. ఆ పుస్తకం రాసింది బయటివాళ్లెవరో కాదు, ఆయన్ను పునీతుడిగా ప్రకటించే పని చూసిన గురువే. క్రీస్తు శ్రమలో పాలు పంచుకోవడమన్నది ఆ సంప్రదాయపు లెక్క.

ఫిలిప్పీన్స్‌లోని సాన్ పెడ్రో కుతుద్ గ్రామంలో 1962 నుంచి శుభ శుక్రవారం నాడు మనుషులను నిజం మేకులతో సిలువకు కొడుతున్నారు. అక్కడ పేరుపడ్డ రూబెన్ ఎనాహే పెయింటర్. 1985లో మూడంతస్తుల భవనం మీంచి పడి బతికాడు. కృతజ్ఞతగా సిలువ ఎక్కడం మొదలుపెట్టాడు. మన భాషలో అది మొక్కే. 2024 నాటికి 35 సార్లు ఎక్కాడు. అక్కడి బిషప్పులు వద్దనే అంటూ వచ్చారు.

ప్రొటెస్టెంట్ల వాదన సూటిగా ఉంటుంది. శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో ధ్యానించే ఏడు మాటల్లో ఆరవది పని పూర్తయిందనే చెబుతుంది. తీరిపోయిన అప్పుకు మళ్లీ కిస్తీ కట్టడమెందుకు అన్నది వాళ్ల ప్రశ్న.

వెస్లీ నేర్చిన పాఠం

బీదర్‌లో మెథడిస్టు సంఘం నిజాం కాలం నాటిది. 1956లో జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినా జహీరాబాద్ వైపు బంధుత్వాలు తెగలేదు. ఆ సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం 3 గంటల దాకా తినేవారు కాదు. ఆయన మిత్రుడు విలియం మోర్గన్ 1732లో చనిపోతే ఉపవాసాలే చంపాయని పుకారు లేచింది. అది నిజం కాదని వెస్లీ ఆ యువకుడి తండ్రికి జాబు రాసుకోవాల్సి వచ్చింది. అదే బృందంలోని జార్జ్ వైట్‌ఫీల్డ్ 1735 లెంటులో తిండి తగ్గించి తగ్గించి మంచాన పడ్డాడు. తర్వాతి కాలంలో ఉపవాసం మీద ప్రసంగించిన వెస్లీ, ఉండమనే చెప్పారు. ఆరోగ్యం చెడేదాకా పోవద్దనీ, దానధర్మం జోడించమనీ కూడా చెప్పారు.

తెలుగు చర్చిల్లో బాగా తెలిసిన సాధు సుందర్ సింగ్ 1913లో హరిద్వార్, డెహ్రాడూన్ మధ్య అడవిలో నలభై రోజుల ఉపవాసానికి కూర్చున్నారు. నలభై పూర్తికాకముందే స్పృహ తప్పితే వెదురు కొట్టేవాళ్లు చూసి మోసుకొచ్చారు. ఆత్మబలం దక్కిందనే ఆయన చెప్పారు. వాళ్లు ఆ దారిన రాకపోతే చెప్పడానికి ఆయనే ఉండేవారు కాదు! 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో 400కు పైగా శవాలు బయటపడ్డాయి. యేసును కలవాలంటే తిండి మానండని బోధించాడన్న ఆరోపణతో పాస్టర్ మీద కేసు నడిచింది. చనిపోయినవారిలో పసిపిల్లలూ ఉన్నారు.

కరువులో కట్టిన గుడి

యెషయా 58వ అధ్యాయం ఉపవాసాన్ని ఇంకో రకంగా చూస్తుంది. తల వంచుకొని గోనెపట్ట పరుచుకుంటే సరిపోదని, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమే దేవుడు కోరే ఉపవాసమని అంటుంది. సరిహద్దు అవతలి మెదక్ చర్చి ఈ మాటకు దగ్గరగా ఉంటుంది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దాన్ని కట్టించారు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

ఇక షుగర్ గోలీ సంగతి. కాథలిక్ నియమం ప్రకారం ఉపవాసం తప్పనిసరి అయినవి భస్మ బుధవారం, శుభ శుక్రవారం రెండే. అదీ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే, ఒక పూట నిండా తినొచ్చు. రోగులకు, గర్భిణులకు మినహాయింపు ఉంది. మందు మానమని మెథడిస్టుల్లోగానీ, సీఎస్ఐలోగానీ నియమం లేదు. మందులే ముట్టని కొన్ని విశ్వాస బృందాలు ఉన్నాయి, వాళ్ల కథ వేరు. నలభై దినాల లెక్కలో ఆదివారాలు కలవవు. నీళ్లు మానేయాలన్న షరతు కూడా లేదు. గోలీ వేసుకునేవాళ్లు ఒక్కపొద్దు ఉండాలనుకుంటే భస్మ బుధవారానికి ముందే దవాఖానాకు పోయి, ఏ పూట ఎంత మోతాదో అడిగి రావడం మేలు.