విరిగిన ఎముకకు వీడియో ద్వారా వైద్య సలహా

కంది కోతల కాలములో బండిమీదనుండి పడియో, నాపరాతి గనిలో బండ జారియో చేయి గాని కాలు గాని విరుగుట తాండూరు, వికారాబాదు ప్రాంతములలో క్రొత్త కాదు. ఎముక సరిచేసి పిండికట్టు వేయగానే వైద్యము ముగిసినదని పెక్కుమంది తలంతురు. నిజమునకు అసలు జాగ్రత్త అప్పుడే మొదలగును. వ్రేళ్లకు రక్తము చేరుచున్నదా, గాయము మానుచున్నదా, ఎముక స్థానము తప్పినదా అని వైద్యుడు పలుమార్లు చూడవలెను.

హైదరాబాదులో చికిత్స పొందిన తాండూరు రైతు ప్రతిమారు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేయవలెను. తోడు పోవువాని కూలి కూడ పోవును. అందుచేత కొందరు మధ్యలోనే మానుకొందురు. చేయి వంకరగా అతికినను, కీళ్లు బిగుసుకొనిపోయినను తిరిగి కొడవలి పట్టుట కష్టమగును. వీడియో పిలుపు ఈ ప్రయాణములలో కొన్నింటిని తప్పించగలదు, అన్నింటిని కాదు. ఏది తప్పించవచ్చునో, ఏది తప్పించరాదో తెలిసికొనుటయే ముఖ్యము.

సౌకర్యము ఎట్లు ఏర్పడినది?

2000 సంవత్సరములోనే చిత్తూరు జిల్లా అరగొండ గ్రామములోని ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా నగర వైద్యులతో కలిపిరి. 2020 మార్చి 25న కేంద్ర ప్రభుత్వము దూరవైద్యమునకు నియమావళి ప్రకటించినది. ఆ ఏప్రిల్ నుండి ‘ఈ-సంజీవని’ ద్వారా ఇంటినుండియే వైద్యునితో ఉచితముగా మాట్లాడు వీలు కలిగినది. ఫోను లేనివారు పల్లె దవాఖాన సిబ్బందిని అడుగవచ్చును. ఎముకల వైద్యుడు ఉండు వేళలు ముందుగా విచారించుకొనుడు. కట్టు వేసిన వైద్యుడే వీడియోలో చూచుటకు అంగీకరించినచో మరింత మేలు.

వీడియోలో చూడదగినవి

కుట్ల స్థితి, వాపు, చర్మపు రంగు, కట్టు పగులుట, వ్రేళ్ల కదలిక వైద్యునికి వీడియోలో కనిపించును. వ్యాయామము ఎట్లు చేయవలెనో ఆయన చూపగలడు. మందుల విషయము, కుంటికర్రలతో నడక, పనికి ఎప్పుడు పోవచ్చును అను సందేహములు కూడ తీర్చుకొనవచ్చును.

అయితే ఎముక అతికినదో లేదో ఎక్స్‌రే లేనిదే తేలదు. నాడి చూచుట, నొక్కి నొప్పి తెలిసికొనుట, కుట్లు విప్పుట, కట్టు మార్చుట వీడియోలో సాధ్యము కావు. మొదటి రెండు వారములలో ఎముక జరుగు భయము అధికము. కనుక వైద్యుడు ఎక్స్‌రేకు రమ్మన్న తేదీని ఎట్టి పరిస్థితిలోను తప్పరాదు.

ఈ లక్షణములున్నచో వీడియోకై వేచియుండరాదు

1. వైద్యుడిచ్చిన మందు వాడినను నొప్పి గంటగంటకు పెరుగుట.
2. వ్రేళ్లు నీలముగా, తెల్లగా లేక చల్లగా మారుట, తిమ్మిరి పట్టుట, కదలకుండుట.
3. కట్టునుండి దుర్వాసన, చీము, లేక జ్వరము.
4. పిక్క వాచి నొప్పి పుట్టుట, ఆయాసము, ఛాతీనొప్పి.

ఇట్టి సమయములో 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి పోవలెను. బిగుసుకొనిన కట్టు క్రింద రక్తప్రసారము ఆగినచో కొద్ది గంటలలోనే కండరములు చెడిపోవును. అవయవమునకే ముప్పు కలుగవచ్చును. నాటు కట్టు కట్టించుకొన్నవారికి కూడ ఇదే హెచ్చరిక.

మాట్లాడుటకు ముందు

ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రే ఫిల్ములు, వాడుచున్న మందులు దగ్గర నుంచుకొనుడు. పగటి వెలుతురు పడుచోట కూర్చుండి, ఫోను మరియొకరిచే పట్టించుడు. రెండు చేతులను గాని రెండు కాళ్లను గాని ప్రక్కప్రక్కన చూపినచో వాపు తేడా తెలియును. గోరును నొక్కి వదలుడు. తెల్లబడిన గోరు రెండు సెకండ్లలో తిరిగి ఎఱ్ఱబడవలెను. ఆలస్యమైనచో ఆ సంగతి మొదటనే చెప్పుడు. మధుమేహమున్నచో దాచరాదు.

మిగిలిన దినములలో విరిగిన అవయవమును దిండుపై ఎత్తుగా ఉంచుడు. కట్టు తడవనీయరాదు. దురదకు లోపల పుల్ల దూర్చరాదు. విరిగినచోట నూనె మర్దన చేయరాదు. బీడీ, చుట్ట మానుడు. పొగ ఎముక అతుకుటను ఆలస్యము చేయును.

గ్రామోద్యోగులు చేయదగినది

పంచాయతీ కార్యదర్శులు సిగ్నలు బాగుగా నుండు గది నొకదానిని రోగికి కొంతసేపు కేటాయించినచో ఎంతో మేలు. సంభాషణ జరుగునప్పుడు ఇతరులు గుమిగూడకుండ చూడవలెను. ఆశా కార్యకర్తలు తదుపరి ఎక్స్‌రే తేదీని వ్రాసియుంచి, రెండు రోజుల ముందు జ్ఞాపకము చేయవలెను.

మణికట్టు ఎముక అతుకుటకు సాధారణముగా ఆరు వారములు పట్టును. మోకాలి క్రింది పెద్ద ఎముకకు మూడు నాలుగు నెలలు కావచ్చును. వైద్యుడు సరేననక మునుపే అరక పట్టినచో మరల మొదటికే వచ్చును. ఫోనులో అడుగదగినది అడిగి, ఆసుపత్రికి పోవలసిననాడు తప్పక పోయిన రైతు, చేతి సత్తువ నిలుపుకొని వచ్చే ఖరీఫు నాటికి పొలములో నిలువగలడు.